పాత కలపకు వార్నిష్ పూస్తే సరిపోదు

సంపాదకుడు గారికి,

పాత కలపతో ఇంటి అలంకరణ గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివి వారం దాటింది. పోనీలే అనుకున్నాను గానీ, ఆ పేజీ చేత్తో పట్టుకుని జనం పాత సామాన్ల కొట్ల చుట్టూ తిరుగుతుంటే ఊరుకోబుద్ధి కాలేదు. గరుకు కాగితంతో రుద్ది వార్నిష్ పూస్తే అయిపోతుందట! ఇక వడ్రంగులెందుకు?

ముందు ఆ ఫోటో సంగతి. కింద ‘పాత టేకు’ అని వేసిన దూలం తాటి దూలం. నల్లటి నారలు అంత స్పష్టంగా కనబడుతుంటే టేకెలా అయిందో! తాటికి బలమంతా చుట్టూ ఉండే చేవలోనే, నడుమంతా మెత్తటి పీచు. పలకలు కోయిస్తే నారలు లేచి అరచేతిలో దిగుతాయి. దూలంగానో స్తంభంగానో వాడుకోవాలి గానీ బల్లకు పనికిరాదు.

ఇక పాత కలప చవక అని రాసిన మాట. 5 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం, 7 అడుగుల పొడవున్న గుమ్మం చెక్కకు 0.73 ఘనపుటడుగుల డబ్బు కడతారు. నాలుగు పక్కలా పావంగుళం చిత్రిక పట్టి, బెజ్జాలున్న కొసలు రెండూ కలిపి అర అడుగు కోసేస్తే మిగిలేది 0.51. తక్కినది పొట్టు. పైగా మేకులు. తల తెగి లోతున ఉండిపోయినవి అయస్కాంతానికి అందవు, మెటల్ డిటెక్టరుతో నాలుగు వైపులా చూడాలి. చూడకుండా మిల్లుకు తోలితే రంపం పళ్ళు ఊడతాయి, ఆ ఖర్చూ మీ ఖాతాలోకే.

ఎనభై ఏళ్ళ దూలమైనా రెండు వానాకాలాలు ఆరుబయట పడి తడిస్తే పచ్చి కలప కిందే లెక్క. కోసిన పలకల మధ్య అంగుళం బద్దలు పెట్టి, నీడలో పేర్చి బాగా ఆరనివ్వాలి. తేమ 12 శాతానికి దిగకుండా ఏసీ గదిలో బిగిస్తే వంకర పోతుంది, లేదా నిలువునా పగులుతుంది. సన్నటి బెజ్జాల నుంచి పిండి రాలుతుంటే పురుగు ఇంకా బతికే ఉందన్నమాట. దానికి కిరోసిన్ పూస్తే పైపైనే ఆగిపోతుంది. రంగంతా గీకేసి, పుచ్చిన తెల్లచెక్క చెక్కేసి, బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్ళు రెండు మూడు సార్లు పట్టించాలి.

ఆ గీకడంలోనే అసలు ప్రమాదం. ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు, మించకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందు పూసిన ఎనామిల్‌ను పొడిగా రుద్దితే సీసం దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది. పాకే పిల్లలున్న ఇంట్లో ఇది చేయమని రాస్తారా? తడిపి గీకాలి, ఇంటి బయట గీకాలి, ఆ పెచ్చులు మూటగట్టి పారేయాలి. రైలు పట్టాల కింద వేసే పాత చెక్క స్లీపర్లతో భోజనాల బల్ల అన్న సలహా ఇంకా ఘోరం. అది చెద పట్టకుండా క్రియోజోట్ అనే తారు నూనె పట్టించిన కలప, ఆ నూనె క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న పదార్థం. ఎన్నిసార్లు వార్నిష్ వేసినా ఎండకాలం వాసన చెబుతుంది.

నిజంగా మంచి కలప ఎక్కడ పోతోందో మాత్రం మీ విలేకరికి పట్టలేదు. మండువా లోగిలి విప్పాలంటే పెంకులు దించి, బద్దలు, వాసాలు, దూలాలు వరుసగా తీసి, గుమ్మం చుట్టూ గోడ తవ్వాలి. రోజులు పట్టే పని. రోడ్డు విస్తరణ అనగానే జేసీబీ వచ్చి ఒక్క పూటలో ముగిస్తుంది. దూలం నడిమికి విరుగుతుంది, గుమ్మం శిథిలాలతో పాటు లారీ ఎక్కి చెరువు గట్టున పడుతుంది. కూల్చివేత వ్యర్థాలను రకాలవారీగా వేరు చేయాలని 2016 నిబంధనల్లోనే రాశారు, కలప పేరుతో సహా. చదివిన మునిసిపల్ అధికారి ఎవరైనా ఉన్నారా? ఇంటి పన్ను ఒక్క నెల ఆలస్యమైతే మాత్రం అన్ని సెక్షన్లూ నోటికొస్తాయి.

తాటిని టేకు అన్నందుకు సవరణ వేసినా వేయకపోయినా మీ ఇష్టం. స్లీపర్లకూ సీసం రంగుకూ మాత్రం ఈ ఆదివారమే వేయండి, మూలన చిన్న అక్షరాల్లో కాదు, ఆ ఫోటో వేసినంత మేర.

— ఒక పాఠకుడు, తూర్పు గోదావరి జిల్లా