మెల్‌బోర్న్ నుంచి నాన్నగారికి

మెల్‌బోర్న్,
23 అక్టోబరు 2021

నాన్నగారికి, అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. మొన్న గురువారం అర్ధరాత్రి లాక్‌డౌన్ ఎత్తేశారు. కొందరు ఆ అర్ధరాత్రే క్షవరానికి వెళ్లారు! నాకు సుధే కత్తిరిస్తోంది కాబట్టి అంత తొందర లేదు, ఫొటో మాత్రం అడగకండి. ఉద్యోగం బాగానే ఉంది, ఇంటి నుంచే.

ఆదివారం ఫోన్‌లో అన్నయ్య "ఆరు విడతలు, 262 రోజులు మూసిపెట్టి మీవాళ్లు ఏం సాధించారు?" అన్నాడు. ఈలోగా ఫోన్ మీ చేతికి వచ్చింది, జవాబు చెప్పడం కుదరలేదు. ఈ ఉత్తరం వాడికి కూడా చూపించండి.

పోయినేడు ఆగస్టు 5న ఈ రాష్ట్రంలో ఒక్కరోజే 725 కరోనా కేసులు. అక్టోబరు 26కి సున్నా. అప్పటికింకా టీకా రాలేదు. ఆ విడతలో పోయినవాళ్లు ఎనిమిది వందల మంది దాకా ఉంటారు, అందులో ఎక్కువమంది వృద్ధాశ్రమాల్లోని ముసలివాళ్లే. సుధ చేసేది అలాంటిచోటే కదా. డ్యూటీ నుంచి వచ్చి గరాజ్‌లోనే బట్టలు మార్చుకుని, స్నానం అయ్యేదాకా పాపను దగ్గరికి రానిచ్చేది కాదు. అందుకే అప్పటి లాక్‌డౌన్ దండగంటే నేను ఒప్పుకోను. ప్రభుత్వం తరఫున వకాల్తా పుచ్చుకున్నానని వాడు ఎగతాళి చేసినా సరే.

కానీ ఆ బరువు ఎవరి నెత్తిన పడిందంటే మాత్రం వాడి మాటే నిజం. కంప్యూటర్ ముందు కూర్చునే నాకు జీతంలో పైసా తగ్గలేదు. అక్కడ అన్నయ్య టిఫిన్ సెంటర్‌కు కర్ఫ్యూలో మధ్యాహ్నం పన్నెండింటికే షట్టర్ దించాల్సి వచ్చింది. ఇక్కడ ఉద్యోగాలు నిలబెట్టడానికి రెండు వారాలకోసారి మనిషికి 1,500 డాలర్లు ఇచ్చారు, స్టూడెంట్ వీసా మీద వచ్చిన మన పిల్లలకు అందులో డాలర్ కూడా లేదు. గడవనివాళ్లు సొంత దేశాలకు పొమ్మన్నాడు ప్రధాని మారిసన్. విమానాలేవి పోవడానికి? ఆ గుడివాడ అబ్బాయి మా ఇంట్లో ఉన్నాడని అమ్మకు చెప్పాను కదా. గిన్నెలు కడిగే పని కూడా పోయింది వాడికి. మా బల్ల దగ్గర అన్నం తింటూ, ఇంటి నుంచి ఫోన్ వస్తే "డ్యూటీలో ఉన్నానమ్మా, తర్వాత చేస్తా" అనేవాడు.

మన దగ్గర నాలుగు గంటల గడువులో దేశమంతా మూసేశారని మీరు బాధపడ్డారు. లింగంపల్లి నుంచి జార్ఖండ్‌కు వలస కూలీల మొదటి రైలు కదిలేసరికి మే 1 వచ్చింది, అప్పటికే జనం ఎండలో నడిచి పోతున్నారు. ఇక్కడ మాత్రం తక్కువా? పోయినేడు జూలైలో, పేదవాళ్లుండే తొమ్మిది ప్రభుత్వ భవనాల్ని గడువే లేకుండా పోలీసుల్ని పెట్టి మూసేశారు. లోపల మూడు వేలమంది. అది మానవ హక్కుల చట్టానికి విరుద్ధమని తర్వాత, ప్రభుత్వం మీద ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మనే తేల్చారు. ఈ ఆగస్టులో పిల్లల ఉయ్యాలలకు కూడా టేపు చుట్టారు. పాప ఆ టేపు కొసను గోటితో పీకుతూ "తాతయ్య ఊళ్లో ఉయ్యాల ఉందా?" అంది. ఎవరి ప్రాణం కాపాడటానికో నాకైతే ఇప్పటికీ అర్థం కాలేదు.

కరివేపాకు సంగతి అడిగింది అమ్మ. ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదన్న రూలు ఉన్నన్నాళ్లూ మన సరుకుల షాపు ఆ గీత అవతలే. కుండీలో మొక్క చలికి పోయింది. ఇప్పుడు దొరుకుతోంది.

పిన్ని నాతో ఇంకా ముభావంగానే ఉంది. బాబాయి చనిపోయిన ఆ వారంలోనే ఇండియా నుంచి వచ్చేవాళ్లను ఆపేశారు, సొంత పౌరులైనా సరే, వస్తే ఐదేళ్ల దాకా జైలన్నారు. ఇక్కడి నుంచి బయల్దేరాలన్నా ప్రభుత్వ అనుమతి కావాలి. సుధ నైట్ డ్యూటీలు, పాప. రానివాడు రాలేదనే అంటారు, అననివ్వండి. సంవత్సరీకానికి మాత్రం తప్పకుండా వస్తాను, నాన్నగారూ. పిన్నికి మీరే చెప్పండి, నేను చెబితే ఫోన్ అమ్మకు ఇచ్చేస్తుంది.

అమ్మ బీపీ మాత్రలు మానలేదు కదా? తగ్గింది కదా అని మానేసే అలవాటు ఉంది తనకు.

నవంబరు 1 నుంచి తల్లిదండ్రులను కూడా రానిస్తారు. మీరిద్దరూ వేసుకున్న కోవిషీల్డ్‌ను ఇక్కడ ఒప్పుకుంటున్నారు. సర్టిఫికెట్‌లో, పాస్‌పోర్టులో పేరు ఒకేలా ఉండాలి, అమ్మ ఇంటిపేరు ఒకచోట పొట్టి అక్షరంలోనే ఉందని గుర్తు. ఆ పాస్‌పోర్టు బీరువాలో పట్టుచీరల కింద ఉంటుంది. గడువు చూసి, ఆ పేజీ ఫొటో అన్నయ్యతో వాట్సాప్‌లో పెట్టించండి.

మీ
చిన్నోడు