2022 వార్షిక నివేదిక: పక్షుల బృందం చేసిన పని

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఏడు మన పక్షుల బృందం కష్టమంతా చలికాలంలోనే పడింది, కాబట్టి ఎక్కువ దాని గురించే రాస్తున్నాను.

2021 డిసెంబర్‌లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో టాంటన్ నది దగ్గర స్టెల్లర్స్ సీ ఈగల్ అనే అరుదైన పెద్ద గద్ద దిగిందని తెలిసింది. మనం బయల్దేరేలోపే వెళ్లిపోయి, నెలాఖరుకి మెయిన్ రాష్ట్రంలోని జార్జ్‌టౌన్ దగ్గర కనబడింది. రష్యా తూర్పు కొసన కమ్చట్కా, ఓఖోట్స్క్ సముద్రం ఒడ్డున గూడు కట్టుకుని చలికాలానికి జపాన్‌లోని హొక్కైడో దాకా వచ్చే గద్ద ఇది. లోకం మొత్తం మీద కొన్ని వేలే ఉన్నాయి. రెక్కల మీది తెల్ల మచ్చలు పోల్చి చూసి, 2020లో అలాస్కాలో, తర్వాత కెనడాలో కనబడింది కూడా ఇదేనని తేల్చారు.

జనవరిలో ఎనిమిది మందిమి రెండు కార్లలో తెల్లవారుజామునే బయల్దేరి జార్జ్‌టౌన్‌లోని ఫైవ్ ఐలాండ్స్ రేవుకి చేరాం. సముద్రం మీది గాలికి కళ్లలో నీళ్లు ఆగలేదు, టెలిస్కోప్‌కి కన్ను ఆనిస్తే ఊపిరి తగిలి అద్దం మీద మంచు పేరుకుంటోంది, దాన్ని తుడవడానికి గ్లవ్ తీస్తే నిమిషంలో వేళ్లు మొద్దుబారిపోతున్నాయి, ఫోన్లయితే ఒక్కొక్కటే ఆగిపోయాయి. డబ్బాలోని పులిహోర గట్టిపడిపోయింది. ఆరు గంటలు నిలబడ్డా అక్కడ మామూలుగా కనబడే తెల్ల తల గద్దలు, బాల్డ్ ఈగల్స్ తప్ప ఏమీ రాలేదు.

ఫిబ్రవరిలో మళ్లీ అదే తీరానికి వెళ్లాం. దూరంగా, దీవి చివర పైన్ చెట్టు మీద కూర్చుని ఉంది! నారింజ-పసుపు రంగులో అంత లావు ముక్కు, భుజాల మీద తెలుపు, పక్కన వాలిన బాల్డ్ ఈగల్ దాని ముందు పిల్లలా అనిపించింది. పదకొండేళ్ల అమ్మాయి ఒకతి ముందుగా చూసి "అంకుల్, అక్కడ!" అని గుసగుసగా చెప్పింది, అరవలేదు. ఆ సంగతి నాకు చాలా నచ్చింది.

అరవకపోవడం ఎందుకు ముఖ్యమో తిరుగు దారిలో మెయిన్‌లోనే ఉన్న పోర్ట్‌లాండ్ ఊళ్లో డీరింగ్ ఓక్స్ పార్కులో ఆగి పిల్లలకి చెప్పాం. మధ్య, దక్షిణ అమెరికా వెచ్చటి అడవుల్లో బతికే గ్రేట్ బ్లాక్ హాక్ అనే నల్ల డేగ ఒకటి 2018లో ఆ ఊరికి వచ్చి, 2019 జనవరి మంచు తుఫానులో కాళ్లు గడ్డకట్టి నేల మీద దొరికింది. చికిత్స చేసినా దక్కలేదు. దాని విగ్రహం ఆ పార్కులోనే ఉంది. మన ఈగల్ చలి ప్రాంతంలో పుట్టిన పక్షే గనక తట్టుకుంది, అయినా దారి తప్పి వచ్చిన పక్షిని అరిచో, ఫొటో కోసమో ఎగరగొడితే ఆ కాస్త తిండి, ఓపిక కూడా వృథా అవుతాయి. రేవు దగ్గర కొందరు అడక్కుండా ఎవరిదో పెరట్లోకి దిగడం చూశాం, చాలా బాధనిపించింది. మనవాళ్లు రోడ్డు దిగి ఇతరుల స్థలంలోకి పోకూడదని కమిటీలో తీర్మానం చేశాం.

మిగతా నెలల్లో మామూలు ఆదివారం నడకలు జరిగాయి. పెట్రోలు ఖర్చు వెళ్లినవాళ్లే పంచుకున్నారు, సంఘం డబ్బు ముట్టుకోలేదు. వచ్చే చలికాలానికి గాలికి కదలని బరువైన టెలిస్కోప్ స్టాండ్ ఒకటి కావాలి, ఎవరి దగ్గరైనా వాడకుండా ఉంటే దయచేసి చెప్పండి.