వార్షిక నివేదిక 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

మన ఫొటోగ్రఫీ సంఘం రిజిస్టరైన సొసైటీ. ఏడాదికోసారి సర్వసభ్య సమావేశం పెట్టాలి, అందులో కార్యదర్శి నివేదిక చదవాలి. నేను చదువుతుంటే వెనక వరసల్లో కొత్త లెన్సులు చేతులు మారుతుండటం ఏటా చూస్తున్నదే. అందుకే ఈసారి ముందుగానే అచ్చు వేయించి అందరికీ పంచుతున్నాం. సంఘం ఆశయాలు మీకు తెలియనివి కావు కనుక వాటి జోలికి పోవడం లేదు.

ఈ ఏడాది గట్టిగా చెప్పుకోవలసింది ఆగస్టులో జరిగిన ప్రింట్ల ప్రదర్శన. దాని దగ్గరికి వచ్చేలోపు మిగతావి కాస్త త్వరగా చెప్పేస్తాను.

నెలవారీ సమావేశాలు ఎప్పటిలాగే మొదటి ఆదివారం జరిగాయి. మే నెలలో ఫిల్మ్ కడగడం నేర్పించాం. బ్లాక్ అండ్ వైట్ డెవలపర్‌ని (ఫిల్మ్ మీద బొమ్మ తేల్చే రసాయనాన్ని) మామూలుగా 20 డిగ్రీల దగ్గర వాడతారు. హైదరాబాద్ ఎండల్లో ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి వచ్చేవేమో వేన్నీళ్ళు. పక్క వీధిలోని జ్యూస్ షాపు నుంచి ఐస్ తెప్పించి టబ్బులో పోసి, థర్మామీటర్ ముంచి కూర్చున్నాం. రీలు ఆరేసి క్లిప్పులు తగిలించాక నెగెటివ్‌ని వెలుతురుకి ఎత్తి చూసిన కుర్రాళ్ళ మొహాలు చూడాల్సింది. ఫిల్మ్ చచ్చిపోయిందని వాదించే పెద్దలు ఆ రోజు రాలేదు.

జూన్ సమావేశం మొత్తం మిర్రర్‌లెస్‌కి (లోపల అద్దం లేని కొత్త రకం కెమెరాలకి) మారాలా వద్దా అన్న చర్చకే సరిపోయింది. మారిపోయినవాళ్ళు మారండనీ, మారనివాళ్ళు డబ్బు దండగనీ చెప్పారు. అందులో పనికొచ్చిన భాగం మాత్రం ఇది. నికాన్ పాత ఎఫ్ మౌంట్ (కెమెరాకి లెన్స్ బిగించే చోటు) 1959 నుంచి ఉంది. అందులో మౌంట్ నుంచి సెన్సర్‌కి (ఫిల్మ్ స్థానంలో బొమ్మను పట్టే పలకకి) దూరం 46.5 మిల్లీమీటర్లు. 2018లో వచ్చిన జెడ్ మౌంట్‌లో అది 16 మిల్లీమీటర్లే. మధ్యలో మిగిలిన చోటులో అడాప్టర్ పడుతుంది కాబట్టి పాత లెన్స్ కొత్త బాడీకి, అంటే కెమెరాకి, ఎక్కుతుంది. అయితే నికాన్ వారి ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో ఫోకస్ మోటార్ లేదు. బాడీలోని మోటార్ మీద ఆధారపడే పాత ఏఎఫ్-డి లెన్సులను చేత్తో తిప్పి ఫోకస్ చేసుకోవలసిందే. కెనాన్ వాళ్ళకు ఈ బాధ లేదు. 1987 నాటి ఈఎఫ్ మౌంట్ నుంచే మోటార్ లెన్స్‌లో ఉంది. ఇదంతా విన్నాక మన సభ్యుల్లో కొందరు తమ ఏఎఫ్-డి లెన్సులను అమ్మకానికి పెట్టేశారు. తొందరపడ్డారని నా అభిప్రాయం, ఎందుకో కింద చెబుతాను.

ఆషాఢంలో బోనాల వాక్ లాల్ దర్వాజా వైపు జరిగింది. పోతరాజు ముందు గుంపుగా నిలబడి దారి కట్టేయొద్దని, ఆడవాళ్ళను దగ్గర నుంచి తీసేముందు అడగాలని ముందే చెప్పాం, చాలామంది పాటించారు. పసుపు పొడి మాత్రం ఎవరి మాటా వినలేదు. ముందుకీ వెనక్కీ సాగే జూమ్ లెన్సులు గాలితో పాటు దుమ్మునీ లోపలికి లాగుతాయి. ఇద్దరి లెన్సుల బ్యారెల్ అంచున పసుపు గీత తేలింది. తడిగుడ్డ పెట్టొద్దు, బ్లోయర్‌తో ఊది, మెత్తని బ్రష్‌తో దులపండి.

వానలు తగ్గాక లెన్సుల తనిఖీ పెట్టాం. కోఠి గుజరాతీ గల్లీలో సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళకు కూడా ఇది పనికొస్తుంది. అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి, వెనక నుంచి మొబైల్ టార్చ్ వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూడాలి. లోపలి గాజు మీద సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్. ఆ రోజు బయటపడిన ఫంగస్ లెన్సుల్లో ఎక్కువ భాగం లెదర్ కేసుల్లో, బీరువాలో, బట్టల మధ్య దాచినవే. తోలు తేమను పట్టి ఉంచుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ ఉంటే చాలు. తేమ 40, 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. లక్షలు పోసి కొన్న లెన్స్‌కి ఈ కాస్త ఖర్చు దగ్గర పిసినారితనం ఎందుకో నాకు అర్థం కాదు.

శీతాకాలంలో అమీన్‌పూర్ చెరువుకి వెళ్ళాం. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందిన చెరువు అది. మన నియమాలు మళ్ళీ గుర్తు చేస్తున్నాను. పక్షి కూతల రికార్డింగులు వినిపించకూడదు, గూళ్ళ దగ్గరికి పోకూడదు. దాదాపు రెండు కేజీల 150–600 జూమ్ కొనుక్కుని కూడా నీళ్ళ అంచుదాకా వెళ్ళి కొంగల్ని లేపేసేవాళ్ళు ఆ డబ్బు ఎందుకు పెట్టినట్టు? నాంపల్లి నుమాయిష్ వాక్ కూడా జరిగింది. ఫొటోలు గ్రూపులో చూశారు.

ఇక ప్రదర్శన. 1839 ఆగస్టు 19న ఫ్రాన్స్ ప్రభుత్వం తొలినాటి ఫొటో పద్ధతి అయిన డాగెరోటైప్‌ని లోకానికి వెల్లడించింది కాబట్టి ఆ రోజునే మనం ఫొటోగ్రఫీ దినంగా జరుపుకుంటాం. 2024లో ఆ తేదీన సోమవారంతో పాటు రాఖీ పౌర్ణమి కూడా పడటంతో ముందు శని, ఆదివారాల్లో పెట్టుకున్నాం. సంయుక్త కార్యదర్శి గారు ఒక షరతు ప్రతిపాదించారు. ప్రింటు కింద తీసినవారి పేరు, ఊరు మాత్రమే ఉండాలి, బాడీ పేరూ లెన్స్ పేరూ ఉండకూడదు. చూడవచ్చినవాళ్ళు దేంతో తీశారో ఊహించి చీటీ రాసి డబ్బాలో వేయాలి. కార్యవర్గంలో దీనికి వచ్చిన వ్యతిరేకత అంతా ఇంతా కాదు. కొత్తగా ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న కెమెరా) కొన్నవాళ్ళే ఎక్కువ అభ్యంతరం చెప్పారన్నది నివేదికలో నమోదు కావాలి.

అన్ని ప్రింట్లూ ఒకే సైజు, 12 బై 18 అంగుళాలు. గ్లాసీ పేపర్ మీద హాల్లోని ట్యూబ్‌లైట్లు మెరుస్తాయని, మెరుపు తక్కువగా ఉండే లస్టర్ పేపర్ తీసుకున్నాం. మొదటి ప్రూఫుల్లో రాత్రి ఫొటోలన్నీ నల్లగా వచ్చాయి. ఇళ్ళల్లో మానిటర్ వెలుగు పూర్తిగా పెంచి ఎడిట్ చేస్తే ప్రింటు చీకటిగానే వస్తుంది. ల్యాబ్ యజమాని విసుక్కోకుండా, పైసా అడగకుండా మళ్ళీ వేసిచ్చారు.

అందరూ ఎక్కువసేపు ఆగిన ఫొటో గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో తెల్లవారకముందు తీసింది. ఒకామె బంతి దండను మోచేతి నుంచి వేలి కొసదాకా పెట్టి మూర కొలుస్తోంది. తలపైన ఒక్క బల్బు. చేతి నీడ దండ మీద పడి సగం పూలు నల్లగా, సగం నిప్పుల్లా ఉన్నాయి. చీటీలు విప్పితే ఎక్కువమంది ఫుల్ ఫ్రేమ్, 85 ఎంఎం లెన్స్ అని రాశారు. తీసిందేమో 2008 నాటి నికాన్ డి90తో, 50 ఎంఎం 1.8 ఏఎఫ్-డి లెన్స్‌తో. జూన్‌లో అమ్మకానికి పెట్టిన బాపతే! డి90 బాడీలో మోటార్ ఉంది కాబట్టి దాని మీద ఆ లెన్స్ చక్కగా ఫోకస్ చేస్తుంది. సెన్సర్ చిన్నది కనుక ఆ 50 ఫుల్ ఫ్రేమ్ మీది 75లా చూస్తుంది, కాబట్టి 85 అన్నవాళ్ళు మరీ దూరం పోలేదు. 12 మెగాపిక్సెల్ ఫొటోకి 18 అంగుళాల పొడవున అంగుళానికి దాదాపు 238 పిక్సెల్స్ వస్తాయి, గోడ మీద చూసే ప్రింటుకి అది ఎక్కువే. ఆ సభ్యురాలు తన పేరు ఇక్కడ రాయొద్దన్నారు, రాయడం లేదు.

జ్యోతి వెలిగించడానికి ఒప్పుకున్న అధికారి గారి పేరు ఆహ్వానపత్రికలో అచ్చయింది. ఆ ఉదయం ఆయన ఫోన్ పలకలేదు. సుల్తాన్ బజార్‌లో ఒకప్పుడు స్టూడియో నడిపిన పెద్దాయన ముందే వచ్చి కుర్చీలో కూర్చుని ఉంటే ఆయన చేతే వెలిగింపజేశాం. నిజానికి అదే బాగుంది. పూల మార్కెట్ ఫొటో ముందు నిలబడి ఆయన కెమెరా ఏదని అడగలేదు, బల్బు ఎంత ఎత్తులో ఉందమ్మా అని అడిగారు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా వెలిగిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) మీద సాయంత్రం ప్రసంగం జరిగింది. గాజు పలకల మీద ఆయన పట్టిన వెలుతురు గురించి మాట్లాడుతున్నంతసేపు హాలు నిశ్శబ్దంగా ఉంది. మన సంఘంలో ఇది అరుదు.

ప్రదర్శనకు సర్కారు వారి గ్యాలరీ కోసం ఏప్రిల్‌లోనే దరఖాస్తు ఇచ్చాం. ఫైలు ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి తిరిగింది, అధ్యక్షులు గారి చెప్పులు అరిగాయి. జవాబు సెప్టెంబరులో వచ్చింది, కొత్త ఫారంలో మళ్ళీ దరఖాస్తు చేసుకోమని. అద్దె హాలు తీసుకోవలసి రావడానికి కారణం అదే.

వాలంటీర్ల మాట కూడా చెప్పాలి. గ్రూపులో బొటనవేలు బొమ్మ పెట్టినవాళ్ళందరూ వచ్చి ఉంటే హాలు పట్టేది కాదు. శుక్రవారం రాత్రి ఫ్రేములు మోసి, తీగలు కట్టి, లెవెల్ చూసి మేకులు కొట్టింది మాత్రం ప్రతిసారీ వచ్చే ఆ నలుగురైదుగురే. ఆదివారం రాత్రి విప్పేటప్పుడు వాళ్ళలోనూ ఇద్దరే మిగిలారు. రాఖీ మర్నాడని తెలుసు, అయినా రాఖీ ఆదివారం రాత్రే కట్టరు కదా.

కృతజ్ఞతలు: చీటీల డబ్బా దగ్గర రెండు రోజులూ కదలకుండా కూర్చున్న మహిళా సభ్యులకు, తక్కువ ధరకు ఫ్రేములు కట్టిచ్చిన వడ్రంగి గారికి, ప్రింట్ల ల్యాబ్ వారికి, హాలు వాచ్‌మన్‌కి, చాయ్ అందించిన అన్నకి, తెలుగు లేబుళ్ళు దిద్దిపెట్టిన మాస్టారికి, ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులకు, మే నెలలో తన బాత్రూమ్‌ని డార్క్‌రూమ్‌గా మార్చుకోనిచ్చిన ఉపాధ్యక్షులు గారి శ్రీమతికి, చివరిదాకా నిలబడ్డ సంయుక్త కార్యదర్శి గారికి.

జమాఖర్చుల పట్టిక ఆడిటర్ సంతకంతో జతపరిచాం. ఫ్రేముల వల్ల ఖర్చు అనుకున్నదాని కంటే పెరిగింది, చందా బకాయిలు వసూలైతే లోటు పూడుతుంది. సందేహాలుంటే కోశాధికారి గారిని అడగగలరు.

వచ్చే ఏడాది కార్యవర్గానికి పేర్లు సమావేశంలోనే తీసుకుంటాం. పేరిచ్చేవారు ప్రదర్శన ముందు రోజూ, తర్వాత రోజూ కూడా తీరిక ఉంటేనే ఇవ్వగలరు. సంఘం ట్రైపాడ్ ఒకటి, బాల్ హెడ్‌తో సహా, నుమాయిష్ వాక్ తర్వాత తిరిగి రాలేదు. ఎవరి దగ్గర ఉందో వారు సమావేశానికి తెచ్చి ఇచ్చేస్తే ఎవరూ ఏమీ అడగరు.

గౌరవ కార్యదర్శి
హైదరాబాద్