పెళ్లికి ముందు రాసుకునే కాగితం గురించి

తిరుపతి

చి.ల.సౌ. అమ్మాయికి నాయన ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం.

పెళ్లికి ముందే ఇద్దరూ ఆస్తుల విషయమై ఒక ఒప్పందం రాసుకుంటే ఎట్లా ఉంటుందని నీవు ఫోన్‌లో అడిగినప్పుడు మీ అమ్మ నొచ్చుకున్నది. నేను నొచ్చుకోలేదు. రిజిస్ట్రారు ఆఫీసు ముందు బల్ల వేసుకొని దస్తావేజులు రాసి సంసారం ఈదినవాడికి కాగితాన్ని చూస్తే అనుమానం గుర్తుకు రాదు. పైగా మనది తిరుపతి. పెళ్లి ఖర్చుకు కుబేరుడి దగ్గర అప్పు చేసి, బ్రహ్మను, శివుణ్ణి సాక్షులుగా నిలబెట్టి ఋణపత్రం రాసిచ్చిన దేవుడి కొండ కింద కాపురముంటూ, పెళ్లి మాటల మధ్య డబ్బు మాట ఎత్తడం అపచారమని ఎందుకు అనుకుంటారో నాకు ఏనాడూ బోధపడలేదు. అయితే ఆ కాగితం చేత నీవు చేయించాలనుకుంటున్న పని వేరు, మన చట్టం దాని చేత చేయనిచ్చే పని వేరు. ఆ తేడా తెలియకుండా సంతకం పెడితే, ఉన్న రక్షణను నిర్లక్ష్యం చేసి లేని రక్షణను నమ్ముకున్నట్లవుతుంది. అందుకే తీరికగా రాస్తున్నాను.

1955 నాటి హిందూ వివాహ చట్టంలో ఇటువంటి ఒప్పందం ఊసే లేదు. గోవాలో మాత్రం పోర్చుగీసువారి 1867 నాటి సివిల్ కోడ్ వారసత్వంగా మిగిలింది కాబట్టి అక్కడివారు పెళ్లికి ముందే ఆస్తుల ఏర్పాటు రాసుకోవచ్చు. మనకు అది మామూలు ఒప్పందమే, 1872 నాటి కాంట్రాక్టు చట్టానికి లోబడినదే. ప్రజాహితానికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదని ఆ చట్టంలోని 23వ సెక్షను చెబుతున్నది. విడిపోతే భరణం అడగనని, పిల్లలు ఫలానావారి దగ్గరే పెరగాలని, ఉద్యోగం మానుకుంటే ఇంత ఇస్తానని సినిమాల్లో చూపించే షరతులన్నీ కోర్టులో నిలుస్తాయన్న భరోసా లేదు. ముఖ్యంగా భరణం హక్కును ముందే వదులుకున్నట్లు ఎంత చక్కని భాషలో రాసినా న్యాయమూర్తి దానికి కట్టుబడడు. నీవు వదులుకోకూడదు, నీవు పెళ్లాడబోయే అబ్బాయి చేత వదిలించకూడదు. ఆ మాటే కాగితంలో రానీయవద్దు.

ఇదంతా విని, అటువంటప్పుడు రాయడమెందుకని అంటావేమో. మన రాయలసీమలో వెనుక ఇల్లటం ఆచారం ఉండేది. మగపిల్లలు లేని రైతు అల్లుణ్ణి ఇంటికి తెచ్చుకొని, సేద్యం చూసుకున్నందుకు కొడుకుతో సమానంగా వాటా ఇస్తానని పెళ్లినాటికే మాట ఇచ్చేవాడు. రెడ్లలో, కమ్మవారిలో ఉన్న ఈ ఆచారాన్ని మద్రాసు రాష్ట్రపు కోర్టులు గుర్తించి, అల్లుడికి ఆ వాటా ఇప్పించాయి. అయితే 1901లో కలకత్తా హైకోర్టు ముందుకు మరొక పెళ్లినాటి ఒప్పందం వచ్చింది. భర్త ఎప్పటికీ అత్తవారింట్లోనే ఉండాలన్నది అందులోని షరతు. అది చెల్లదని కోర్టు కొట్టేసింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడు. ఏది ఎవరి ఆస్తి అన్న మాటను న్యాయస్థానం చెవిన వేసుకుంటుంది, కాపురం ఎట్లా చేయాలన్న మాటను వేసుకోదు. మీ కాగితంలో మొదటి రకం మాటలే ఉండాలి.

ఇక నీ ఆస్తుల సంగతి. బెంగళూరు ఫ్లాటు నీ జీతంతో, నీ అప్పుతో, నీ పేరిట కొన్నది. పెళ్లయినంత మాత్రాన భార్య ఆస్తిలో భర్తకు గాని, భర్త ఆస్తిలో భార్యకు గాని సగం వాటా పుట్టే చట్టం మనకు లేదు. కాబట్టి ఈ రోజున ఆ ఫ్లాటుకు ఏ ఒప్పందమూ అక్కరలేదు. చిక్కు పెళ్లయిన మరుసటి నెల నుంచి మొదలవుతుంది. బ్యాంకు కంతు ఒక నెల నీ ఖాతా నుంచి పోతుంది, ఒక నెల అతని ఖాతా నుంచి పోతుంది, వంటింటికి అలమరలు అతను చేయిస్తాడు, పదేళ్ల తరువాత ఎవరి సొమ్ము ఎంత పడిందో ఇద్దరికీ తెలియదు. భార్య పేరిట ఉన్న ఆస్తికి భర్త తన తెలిసిన ఆదాయంలోంచి డబ్బు పెడితే బినామీ చట్టం దాన్ని బినామీ అనదు, అందువల్ల ఆ డబ్బు నాదని అడిగే దారి అతనికి తెరిచే ఉంటుంది. నన్ను రాయమంటే ఇట్లా రాస్తాను: "ఎ షెడ్యూలు ఫ్లాటు ఒకటవ పార్టీ స్వార్జితమనియు, వివాహానంతరం దాని అప్పు కంతులకు రెండవ పార్టీ ఏదేని సొమ్ము చెల్లించిన యెడల, అది అప్పో వాటాయో ఇరువురి సంతకాలతో వేరుగా రాసుకొననంతవరకు సంసారపు ఖర్చుగానే భావింపబడుననియు ఇందుమూలముగా అంగీకరించడమైనది." ఇది అతనికి అన్యాయమని నీకు తోస్తే మంచిదే, తోచాలి కూడా. అప్పుడు కంతులు నీ ఒక్క ఖాతా నుంచే కట్టు. అద్దె లేని ఇంట్లో ఉంటున్నందుకు ఇంటి ఖర్చులు అతను చూసుకుంటే లెక్క సరిపోతుంది.

నాకు నిజంగా దిగులు కలిగించేది ఫ్లాటు కాదు, వాళ్ల మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. అబ్బాయి మంచివాడు, వ్యాపారమూ మంచిదే. కానీ చిత్తూరులో ఆ పని చేసేవాళ్లు తోతాపురి దిగే రెండు మూడు నెలల్లో అప్పు తెచ్చి కాయ కొని, డబ్బాల్లోకి ఎక్కించిన సరుకు అమ్ముడుపోయే దాకా వడ్డీ మోస్తారు. 2025లో ధర పడిపోయి, ఫ్యాక్టరీవారు కిలోకు ఎనిమిది రూపాయలు, ప్రభుత్వం నాలుగు రూపాయలు ఇచ్చేటట్లు ఏర్పాటు చేయవలసి వచ్చిన సంగతి నీకు తెలుసు. అటువంటి ఏడాది రైతు కష్టం అందరికీ కనబడుతుంది, గోదాములో నిలిచిన సరుకు మీది బ్యాంకు అప్పు ఎవరికీ కనబడదు. వాళ్లది భాగస్వామ్య సంస్థ. 1932 నాటి చట్టం ప్రకారం సంస్థ అప్పుకు ప్రతి భాగస్వామీ తన సొంత ఆస్తితో కూడా బాధ్యుడే. పెళ్లయ్యాక కోడలి పేరు కూడా ఉండనీ అంటూ నిన్ను పేరుకు భాగస్వామిని చేస్తామంటారు, అది వాళ్ల దృష్టిలో గౌరవమే. లేదా బ్యాంకువారు హామీదారుగా నీ సంతకం అడుగుతారు. హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం, బ్యాంకు ముందుగా వాళ్లను అడిగి తరువాత నీ దగ్గరకు రావాలన్న నియమం ఏదీ లేదు. మీరిద్దరూ రాసుకున్న కాగితం మూడవవాడైన బ్యాంకును కట్టిపడేయదు. కాబట్టి ఈ విషయంలో నిన్ను కాపాడేది ఒప్పందం కాదు, సంతకం పెట్టకపోవడం. అయినా, వ్యాపారపు అప్పులకు ఒకటవ పార్టీ భాగస్వామిగా గాని హామీదారుగా గాని చేరవలసిన పని లేదని ఒక వాక్యం రాయించు. రేపు పెద్దవాళ్లు అడిగినప్పుడు, ఇది ముందే అనుకున్నదని అబ్బాయే నీ తరఫున చెప్పడానికి అది ఉపయోగపడుతుంది.

నగల సంగతి సులువు. స్త్రీధనం పూర్తిగా భార్యదే, అది ఎవరి బీరువాలో ఉన్నా వారు కాపలాదారులేనని 1985లోనే సుప్రీంకోర్టు తేల్చింది. అదే ఏడాది వచ్చిన వరకట్న నిషేధ నియమాల ప్రకారం పెళ్లిలో వచ్చిన కానుకల జాబితా రాసి వధూవరులిద్దరూ సంతకాలు పెట్టాలి: వస్తువు, దాదాపు విలువ, ఇచ్చినవారి పేరు, వరస. మన ఊళ్లో చదివింపుల పుస్తకం రాయని పెళ్లి లేదు గాని, ఈ జాబితా రాసిన పెళ్లి నేను అరుదుగా చూశాను. అవ్వ కాసులపేరును రాళ్ల బరువు తీసేసి తూయించి, రెండు వైపులా ఫోటో తీసి పెట్టాను. ఒప్పందంలో మాత్రం వాళ్లు అడిగినందుకు ఇచ్చాము అన్న అర్థం వచ్చే అక్షరం ఒక్కటి కూడా ఉండకూడదు. కట్నం ఒప్పందం చెల్లకపోవడం అటుంచి, ఇచ్చినా పుచ్చుకున్నా కనీసం అయిదేళ్ల శిక్ష పడే నేరానికి మనమే సాక్ష్యం రాసిచ్చినట్లవుతుంది.

బంగారుపాళ్యం తోటను పెళ్లికి ముందే నీ పేరిట దాన సెటిల్మెంటు చేయాలని మీ అమ్మ పట్టుదల. నేను అడ్డు చెప్పను, కానీ దానితోపాటే నీ చేత ఇంకొకటి రాయించాలి. తండ్రి ఈ మాట రాయకూడదంటారు, దస్తావేజులు రాసేవాడు రాయక తప్పదు. వీలునామా లేకుండా హిందూ స్త్రీ చనిపోతే, 1956 నాటి వారసత్వ చట్టం ప్రకారం ఆమె ఆస్తి ముందుగా పిల్లలకు, భర్తకు పోతుంది. వాళ్లెవరూ లేకపోతే భర్త వారసులకు పోతుంది. కన్న తల్లిదండ్రుల వంతు ఆ తరువాతనే. తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తికి మాత్రం, పిల్లలు లేనప్పుడు, మినహాయింపు ఉండి పుట్టింటికి తిరిగి వస్తుంది. దానంగా ఇచ్చినది వారసత్వం కాదు కాబట్టి ఆ మినహాయింపు తోటకు వర్తించదు, నీ ఫ్లాటుకు అసలే వర్తించదు. 2009లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన వ్యాజ్యం ఒకటి ఉన్నది. పెళ్లయిన మూడు నెలలకే భర్త పాముకాటుతో పోతే అత్తింటివారు ఆమెను వెళ్లగొట్టారు. పుట్టింటివారు చదివించారు, ఉద్యోగం చేసింది, సంపాదించింది, వీలునామా రాయకుండా కన్నుమూసింది. కన్నతల్లి అడిగినా, ఆమె స్వార్జితమంతా భర్త తరఫు వారసులకే చెందింది, ఎందుకంటే చట్టంలో ఉన్నది అదే. ఇద్దరు సాక్షుల సంతకాలతో ఒక్క కాగితం రాసి ఉంటే ఆ తీర్పుకే అవసరం ఉండేది కాదు. వీలునామాను రిజిస్టరు చేయాలన్న నిర్బంధం లేదు, చేస్తే మేలు. ఎవరికి ఎంతన్నది నీ ఇష్టం, అబ్బాయికే మొత్తం రాసినా నేను మారుమాట అనను. బ్యాంకు ఖాతాలకు నామినీని మార్చుకున్నావు కదా అని ఊరుకోవద్దు. నామినీ సొమ్ము అందుకునేవాడే గాని సొంతదారు కాదు.

రాసే పద్ధతి. మీ ఇద్దరికీ వేర్వేరు వకీళ్లు ఉండాలి. నేను ముసాయిదా రాయగలను గాని, నీ తండ్రి రాసిన కాగితం మీద అతను సంతకం పెట్టాడంటే రేపు ఒత్తిడి అన్న మాట వస్తుంది. రెండు వైపుల ఆస్తులూ అప్పులూ షెడ్యూళ్లలో పూర్తిగా చూపాలి, నీ కారు అప్పుతో సహా. బ్రిటన్ సుప్రీంకోర్టు 2010లో ఇటువంటి ఒప్పందానికి విలువ ఇచ్చినప్పుడు కూడా చూసినవి ఇవే: ఇష్టపడి, తెలిసి రాసుకున్నారా, దాన్ని అమలు చేయడం న్యాయమేనా అని. ఎప్పుడైనా మీరు విదేశంలో స్థిరపడితే అక్కడి చట్టం వేరు, అప్పుడు మళ్లీ రాసుకోవాలి. నోటరీ ముద్ర వేయించండి, అయితే అది సంతకం ఎవరిదో చెబుతుందే గాని చెల్లని షరతును చెల్లేటట్లు చేయదు.

వీటన్నిటికంటే ముందు ఈ మాట అబ్బాయితో నీవే చెప్పాలి, తాంబూలాలు పుచ్చుకోక మునుపే చెప్పాలి. శుభలేఖలు అచ్చయ్యాక చెబితే ఎంత న్యాయమైన కాగితమైనా బెదిరింపు లాగే ఉంటుంది. ఫ్యాక్టరీ అప్పుల జాబితా అడిగితే అతను ముఖం చిట్లిస్తాడా, మరునాడే పంపుతాడా అన్నది కూడా నీవు చూసుకోవలసిందే. వియ్యంకులవారికి నేను చెబుతాను, కానీ అతను సరే అన్న తరువాతనే.

వచ్చేటప్పుడు ఫ్లాటు రిజిస్ట్రేషను కాగితం నకలు, నగరపాలికవారి ఖాతా పత్రం, బ్యాంకు వారి అప్పు స్టేట్‌మెంటు తీసుకొని రా. తోటకు ఈసీ (అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం), అడంగల్, 1బి అనే భూమి రికార్డులు నేను తీయించి పెడతాను. తూర్పు హద్దులో పాత పేరే ఉన్నది, సెటిల్మెంటు రాసే లోపల దాన్ని సరిచేయించాలి.

ఆశీస్సులతో,
నాయన