చల్లటి వేసవి సరే, కల్లాల్లో వడ్ల సంగతేంటి?

సంపాదకులకు నమస్కారం.

2025 ఎండాకాలం హాయిగా గడిచిపోయిందని, రోహిణి కార్తెలో కూడా కూలర్ వేయలేదని, కరెంటు బిల్లు తగ్గిందని చాలామంది అంటుంటే వింటున్నాను. వాట్సాప్‌లో అయితే మరీను, "భూమి వేడెక్కుతోందన్నారు, ఏదీ?" అని ఒకటే జోకులు. పట్నంలో ఉన్నవాళ్లకు అది హాయే, కాదనను. కానీ అదే వాన మా జగిత్యాల వైపు రోడ్ల మీద, వడ్లు కొనే సెంటర్లలో ఆరబోసిన వడ్ల మీద పడింది.

ముందు లెక్క చూద్దాం. 2025 మే నెలలో దేశం మొత్తం మీద సగటున 126.7 మి.మీ. వాన పడింది. మామూలుగా పడేదానికి ఇది రెట్టింపు పైనే, 1901 నుంచి ఏ మే నెలలోనూ ఇంత పడలేదని వాతావరణ శాఖే చెప్పింది. జూన్ 1న రావాల్సిన రుతుపవనాలు కేరళకు మే 24కే వచ్చాయి, ముంబైకి జూన్ 11కు బదులు మే 26కే చేరాయి, మన తెలంగాణకూ నెలాఖరులోపే దిగాయి. ఇదంతా వాతావరణ మార్పేనా అంటే ఒక్క ఏడాది వానను పట్టుకుని అలా తేల్చేయలేం. ఆ టైముకు అరేబియా సముద్రంలో అల్పపీడనం ఏర్పడటం లాంటివి ఉంటాయి, పైగా మే నెల వానలు మనకు కొత్తా కాదు, 1990 మేలో కృష్ణా తీరాన్ని తుపాను ముంచింది, 2010 మేలో లైలా బాపట్ల దగ్గర తీరం దాటింది. కాకపోతే గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు, వేడెక్కిన సముద్రాలు ఆ ఆవిరిని అందిస్తూనే ఉంటాయి, ఇక పడే వీలు కుదిరిందంటే దంచి కొడుతుంది. జోకులు వేసేవాళ్లు 2024ను గుర్తు చేసుకోవాలి. ప్రపంచమంతటా రికార్డుల్లోకెల్లా వేడి సంవత్సరం అదే, ఆ ఏడాదే మే 7న హైదరాబాద్‌లో కురిసిన వానకు బాచుపల్లిలో గోడ కూలి కూలీల కుటుంబాల వాళ్లు ఏడుగురు చనిపోయారు.

ఇప్పుడు మా సంగతి. వాన ఎక్కువైందన్నది సగం కథే, మిగతా సగం మేం వరి కోసే తీరులో ఉంది. వెనకట కొడవళ్లతో కోసి, మెదలు (పనలు) ఆరాక కట్టలు కట్టి కుప్ప వేసేవాళ్లు, ఆ కుప్ప మీద వాన పడ్డా నీళ్లు పక్కలకు జారిపోయేవి, తీరిక దొరికినప్పుడు కొట్టుకునేవాళ్లు. ఇప్పుడు హార్వెస్టర్ వస్తే గంటలో ఎకరం అయిపోతుంది, వడ్లు పచ్చిగానే ట్రాలీలో పడతాయి, ఊరు ఊరంతా వారం పది రోజుల్లో కోసేసి ఒకేసారి సెంటర్‌కు తెచ్చి పోస్తుంది. అక్కడ తేమ 17 శాతం దాటితే కాంటా పెట్టరు. పొద్దున్నే పరదాలు తీసి వడ్లు ఆరబోయడం, మధ్యాహ్నం దాకా కాళ్లతో తిప్పడం, తేమ కొలిచే మిషన్‌లో గుప్పెడు పోస్తే 19 చూపించడం, నాలుగింటికి మబ్బు పట్టగానే మళ్లీ కుప్ప చేసి పరదాలు కప్పడం, మే అంతా ఇదే పని. రాత్రి వాన కొడితే పైన బాగానే కనిపిస్తుంది గానీ కింద నీళ్లు చేరి, చెయ్యి పెడితే వేడిగా తగులుతుంది, ఒకలాంటి పులిసిన వాసన వస్తుంది, రెండు రోజులు తెరపి ఇవ్వకపోతే తెల్లగా మొలకలు. ఎండి, తడిసి, మళ్లీ ఎండిన గింజ మిల్లులో నూకవుతుంది. యాసంగి (రబీ) వడ్లకు అసలే నూక ఎక్కువ. ఆ పేరు చెప్పి మిల్లరు తరుగు తీస్తాడు, హమాలీలు తక్కువున్నారని లారీ ఆలస్యం, సెంటర్ నడిపే మహిళా సంఘం వాళ్లను అందరూ తిట్టడం. వాళ్ల చేతుల్లో ఏముందని, పాపం?

బీమా అంటారా, 2020లోనే మన రాష్ట్రం కేంద్రం పంటల బీమా పథకం ఫసల్ బీమా నుంచి బయటికొచ్చింది. ఆ పథకంలో కూడా కోసి చేలో ఆరబెట్టిన పంటకే 14 రోజుల రక్షణ. సెంటర్‌లో కుప్పగా పోసి, ఇంకా కాంటా కాని వడ్లు ఎవరి బాధ్యతో అడిగితే ఒకరి మీద ఒకరు చెబుతారు.

వాన తొందరపడి వచ్చినందుకు రెండో దెబ్బ పత్తికి తగిలింది. మే ఆఖర్లో తడి చూసి, కాలం ముందే అయిందని గింజలు పెట్టేశారు, తీరా జూన్‌లో మబ్బులు మొహం చాటేశాయి. 2025లో 475 గ్రాముల విత్తనాల ప్యాకెట్ 901 రూపాయలు ఉండేది, ఎకరానికి రెండేసి, దున్నకం, కూలి వేరే. కనీసం 60, 70 మి.మీ. పడ్డాకే విత్తమని వ్యవసాయ అధికారులు ఏటా చెబుతారు, నిజమే, కానీ మా ఊళ్లో ఎంత పడిందో చెప్పే బోర్డు ఒక్కటీ లేదు, మండలం లెక్క మండలానిదే, పక్క ఊళ్లో దంచి మా దగ్గర చినుకు పడకపోతే ఏం చేయాలి?

వడ్లు ఆరబెట్టే డ్రైయర్లు కావాలి, మండలానికి ఒకటి రెండైనా, సీజన్ మొదలయ్యే ముందే. అంతకన్నా ముఖ్యంగా యాసంగిని ముందుకు జరపాలి. 2023లో వడగళ్లు పడ్డప్పుడూ ఈ మాటే వచ్చింది, వానలు పోగానే మాటా పోయింది. అదేం తేలిక కాదు, నవంబరులో నారు పోయాలంటే వానాకాలం వరి అప్పటికే లేవాలి, మా వైపు చలికి నారు పసుపుబారి ఎదగకుండా కూర్చుంటుంది. స్వల్పకాలిక రకాల విత్తనం ముందే దొరకాలి, వానాకాలం వడ్లు త్వరగా కొని చేను ఖాళీ చేయించాలి. ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాలువకు యాసంగి నీళ్లు ఎప్పుడు వదులుతారో చివరి నిమిషంలో కాకుండా దసరా నాటికి ప్రకటిస్తే, ఏప్రిల్ మొదటి వారంలో కోసేలా ఏ రకం వేసుకోవాలో మేమే చూసుకుంటాం.

ఇట్లు,
ఒక వరి రైతు,
జగిత్యాల జిల్లా