రేపటి చెట్ల పని: తీగల దగ్గర జాగ్రత్త

అందరికీ నమస్తే. గాలి తగ్గింది గానీ విజయవాడలో పటమట, సింగ్ నగర్, ఏలూరు రోడ్డు వైపు నుంచి చెట్లు పడ్డాయని ఫోన్లు ఆగట్లేదు. పొద్దున్నే ఆరింటికి దిగుదాం.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నా. కొమ్మ తీగ మీద ఉంటే లైన్‌మన్ వచ్చి, ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్ ఆపి పని చేసుకోవడానికి సబ్‌స్టేషన్ ఇచ్చే అనుమతి) తీసుకుని, మన కళ్ల ముందు తీగను నేలకు కలిపి ఎర్తింగ్ చేసేదాకా ఎవరూ రంపం స్టార్ట్ చేయొద్దు. "రాత్రి నుంచీ కరెంటు లేదు, ఏం కాదు, కొట్టేయండి" అని వీధిలో వాళ్లు తొందరపెడతారు. వినకండి. సబ్‌స్టేషన్‌లో లైన్ ఏ నిమిషంలోనైనా మళ్లీ ఛార్జ్ చేస్తారు, అంటే కరెంటు వదులుతారు. అదీగాక ఏ అపార్ట్‌మెంట్‌లోనో జనరేటర్ సరిగా కలపకపోతే ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి ఎక్కి 11 కేవీ (11 వేల వోల్టుల) తీగలోకి కూడా వస్తుంది.

తెగిపడిన తీగకు కనీసం 10 మీటర్లు దూరం. నీళ్లు నిలిచి ఉంటే ఇంకా ఎక్కువ. చూసుకోకుండా దగ్గరికి వెళ్లిపోతే పరుగెత్తొద్దు. అడుగుకీ అడుగుకీ మధ్య నేలలోనే వోల్టేజీ తేడా ఉంటుంది. పాదాలు కలిపి, నేల మీంచి ఎత్తకుండా, మెల్లగా జరుపుకుంటూ బయటికి రండి. వెంటనే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి స్తంభం నంబరు చెప్పండి.

తడి తాడు, పచ్చి కొమ్మ రెండూ షాక్ కొడతాయి. అల్యూమినియం నిచ్చెన బండి ఎక్కించొద్దు, వెదురుది కూడా తడిస్తే నమ్మకం లేదు. వంగి ఇరుక్కున్న మాను కోస్తే ఎగిరి తంతుంది, సీనియర్లే ముట్టుకోండి. చీకటి పడ్డాక కోత లేదు, ఎవరు బతిమాలినా సరే.

లైన్‌మన్ ఎన్నింటికి వస్తారో తెలియగానే ఇక్కడే పెడతా.