కోడ్ ఫార్మాటింగ్ గురించి: ఆదివారం లోపు చదవండి

అందరికీ నమస్కారం. నిన్న పర్లాకిమిడి తమ్ముడు పంపిన మార్పు చూశాను. వాడు మార్చింది మూడే లైన్లు, కానీ ఫైలు మొత్తం మారినట్టు ఎర్రగా, పచ్చగా కనిపించింది. అసలు మార్పు ఎక్కడుందో వెతకడానికే గంట పట్టింది. తప్పు వాడిది కాదు. లైను మొదట్లో వదిలే ఖాళీకి వాడి ఎడిటర్‌లో ట్యాబ్, రాయగడ వాళ్లకి నాలుగు స్పేసులు, నాకు రెండు.

అందుకే ప్రెటియర్ పెట్టాను, అది కోడ్‌ని అందరికీ ఒకే తీరులో సర్దే టూల్. సెట్టింగ్ ఫైలు ప్రాజెక్టులోనే ఉంది, ఎవరూ విడిగా మార్చొద్దు. రెండు స్పేసులు, లైనుకు 80 అక్షరాలు, చివర సెమీకోలన్, అన్నీ దాని డిఫాల్ట్‌లే. కోట్స్ మాత్రం సింగిల్ చేశాను, మనందరికీ అదే అలవాటు కదా. బటన్ల మీద తెలుగు, ఒడియా మాటలున్న లైన్లు 80 దాటినా కంగారు పడకండి, ప్రెటియర్ స్ట్రింగ్‌ని మధ్యలో విరగ్గొట్టదు.

వీఎస్ కోడ్‌లో ప్రెటియర్ ఎక్స్‌టెన్షన్ వేసుకుని, దాన్నే డిఫాల్ట్ ఫార్మాటర్‌గా ఎంచుకుని, 'ఫార్మాట్ ఆన్ సేవ్' టిక్ పెట్టండి.

పాత ఫైళ్లన్నీ ఆదివారం రాత్రి ఒకే కమిట్‌లో సర్దుతాను, అందులో వేరే మార్పు ఒక్కటీ కలపను. దయచేసి ఆలోపు మీ పని పుష్ చేసేయండి, లేకపోతే ఒకే లైన్లో మీ మార్పు, నా మార్పు ఢీకొని కాన్‌ఫ్లిక్ట్‌లతో మీకే టెన్షన్. ఎక్కడైనా ఆగిపోతే రాత్రి పదైనా సరే, ఫోన్ చేయండి.